‘ఇరేజర్‌హెడ్’ లాంటి చిత్రాన్ని థియేటర్‌లోనే చూడాలని ఎందుకంటారు?

అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ 1977లో విడుదల చేసిన ‘ఇరేజర్‌హెడ్’ను ఇప్పుడు ఇంట్లోనే చూసే వీలున్నప్పటికీ, పెద్ద తెర మీదే చూడాలని అభిమానులు పట్టుబట్టడానికి ప్రధాన కారణం, నా దృష్టిలో, బొమ్మ కంటే శబ్దమే. లించ్, సౌండ్ డిజైనర్ అలన్ స్ప్లెట్ కలిసి రూపొందించిన ఆ శబ్దంలో యంత్రాల హోరు, ఆవిరి బుసలు దాదాపు ఎడతెగకుండా సాగుతాయి. టీవీ స్పీకర్లలో తేలిపోయే ఆ మంద్రధ్వని హాల్లో గుండెల్లో అదురుతుంది, కథానాయకుడు హెన్రీ ఇరుకు గదిలోని ఉక్కిరిబిక్కిరితనం మనల్నీ ఆవరిస్తుంది. నలుపు తెలుపుల చిత్రం కావడంతో, తెర అంచు ఎక్కడుందో తెలియనంతగా నీడలు చిక్కబడతాయి.

ఇక ప్రేక్షకుల సంగతి. న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్‌లో 1970 డిసెంబరులో ‘ఎల్ టోపో’ అనే చిత్రాన్ని అర్ధరాత్రి ఆటగా నడిపించిన బెన్ బారెన్‌హోల్ట్జ్, తర్వాత ‘ఇరేజర్‌హెడ్’ను కూడా అదే పద్ధతిలో, నోటిమాట ప్రచారాన్ని నమ్ముకుని, ప్రేక్షకుల్లోకి తీసుకెళ్లారు. అర్థం కాని దృశ్యం వస్తే ఇంట్లో ఆపేసి ఫోన్ అందుకుంటాం. హాల్లో ఆ వీలు లేదు. భోజనాల సన్నివేశంలో, వండి వడ్డించిన చిన్న కోడి, కోయబోతుండగా పళ్లెంలోనే కాళ్లు కదిలించినప్పుడు, ఒకరు పగలబడి నవ్వుతారు, పక్కవారు బిగుసుకుపోతారు. ఆ రెండు స్పందనలూ సరైనవే.