లంకకి రావాలంటే ముందు ధవళేశ్వరం నీటిమట్టం చూడండి

“కోనసీమలో ఏదైనా చిన్న లంక ఊళ్లో రెండు రోజులు ఉందామనుకుంటున్నాం. ఎప్పుడు రావాలి, ఏమేం చూడాలి, అక్కడి బతుకు ఎలా ఉంటుంది?” అని ఒకరు అడిగారు.

లంకంటే గోదారి మధ్యలో తేలిన దీవి. మీరడిగిన మూడూ గోదారి చేతిలోనే ఉన్నాయి కాబట్టి ముందు నీళ్ల సంగతి చెబుతాను. కార్తీకమాసం మొదలుకుని శివరాత్రి దాకా ఎప్పుడైనా రండి. ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి జూలై, ఆగస్టుల్లో మాత్రం బయల్దేరకండి. ఆ పచ్చదనం నిజమే. కానీ ఆ రోజుల్లో లంకవాళ్ల చూపంతా ఏటి మీదే ఉంటుంది, చుట్టాలొచ్చినా సరిగా కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఉండదు.

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కలో ఇంచుమించు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీరు. టీవీలో “ఇంకా మొదటి హెచ్చరిక కూడా లేదు” అనగానే ఫర్వాలేదనుకుని వచ్చేస్తారు చాలామంది. ఆ అంకె ఏటిగట్టు కాపున్న ఊళ్లకి సరిపోతుంది, లంకలకి సరిపోదు. జి.పెదపూడి దగ్గర బూరుగులంక రేవులో ఏటికి అడ్డంగా మట్టి పోసుకుని వేసుకునే దారి, ఎర్రనీరు, అంటే కొత్త వరదనీరు, తగిలిందంటే హెచ్చరిక దాకా ఆగకుండానే తెగిపోతుంది. అక్కడినుంచి బడిపిల్లలకైనా, నెలలు నిండిన మనిషికైనా, కొబ్బరికాయల లోడుకైనా పడవే దిక్కు. చాకలిపాలెం వైపు కనకాయలంక కాజ్‌వే మీదికి నీరెక్కిందంటే ఆ ఊరి రాకపోకలూ అంతే. అందుకని భద్రాచలంలో ఇవాళ్టి మట్టం ఎంత, బ్యారేజీ నుంచి కిందికి ఎంత వదులుతున్నారు అన్న రెండూ చూసుకోండి. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది, కింది లంకలకి ఇంకొన్ని గంటలు. దానికి అమావాస్య, పున్నమి పోటు తోడైతే సముద్రం నీటిని లాక్కోదు, వరద అక్కడే నిలబడిపోతుంది.

బతుకు ఎలా ఉంటుందన్నారు కాబట్టి వరద వచ్చే ముందు ఒక లంక ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. ముందు పశువులు. గేదె ఎలాగో ఈదుతుంది, దూడ ఆ ప్రవాహానికి ఆగలేదు. అందుకని నీరు ఇంకా పల్లంలో ఉండగానే అన్నిటినీ ఏటిగట్టు మీదికి తోలేస్తారు, వెనకే పడవలో ఎండుగడ్డి వెళ్తుంది. తర్వాత బియ్యం, పప్పులు, పట్టాదారు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు అటకెక్కుతాయి. గ్యాస్ సిలిండర్ నిండుదైనా నీళ్లలో తేలిపోతుంది, దాన్ని తాడేసి కిటికీ ఊచకి కడతారు. కరెంటు ముందే తీసేస్తారు. ఎందుకంటే నీరు పెరిగాక పడవలో నిలబడ్డ మనిషి తలకి తీగలు అందేంత దగ్గరకొస్తాయి. పాములు కూడా పొడిచోటు వెతుక్కుంటాయి కాబట్టి అటక మీద చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడాల్సిందే.

అసలు చాకిరీ నీరు లాగేటప్పుడు మొదలవుతుంది. ఇంట్లో ఇంకా చీలమండ లోతు నీరుండగానే, ఆ నీటితోనే ఒండ్రుని కలిపి చీపుళ్లతో బయటికి తోసెయ్యాలి. నీరంతా పోయాక కడుగుదాంలే అని ఆగితే ఒండ్రు గచ్చుకి పట్టేస్తుంది, ఎండాక పారతో చెక్కడం తప్ప దారుండదు. అర్ధరాత్రి లాగితే అర్ధరాత్రే లేచి కడుగుతారు. మునిగిన చేతిపంపుని చాలాసేపు కొట్టి ఆ నీళ్లు పారబోసి, క్లోరిన్ వేశాకే తాగాలి. తోటలో కొబ్బరిచెట్టు తట్టుకుంటుంది. అరటి, కంద, దొండ, బెండ మాత్రం మూడు నాలుగు రోజులు నీళ్లలో ఉంటే వేరు కుళ్లిపోతుంది. పైకి ఆకు పచ్చగానే ఉండి, వరద పోయిన కొన్నాళ్లకి గెల వేలాడుతున్న అరటిచెట్టు ఉన్నపళంగా ఒరిగిపోతుంది. అప్పటికి నష్టం రాసుకునేవాళ్లు వచ్చి వెళ్లిపోయి ఉంటారు. ఇది ఎన్నేళ్లుగానో ఉన్న అన్యాయం. పంట నష్టం లెక్క నీరు తీసిన వెంటనే ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి రాయాలి.

1986 ఆగస్టు వరదకి భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ వరదనైనా దాంతోనే పోల్చి చెబుతారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు కూడా గట్ల మీద పశువులూ టార్పాలిన్లూ ఒక పక్క, సెల్ఫీలకి వచ్చిన కార్లు ఇంకో పక్క. మంచినీళ్ల ట్యాంకరుకి దారి లేకుండా గట్టు మీద కారు ఆపడం చాలా తప్పు. చూడాలని ఉంటే చూడండి, బండి మాత్రం ఊళ్లో వదిలి నడిచి రండి.

ఇక మామూలు రోజుల్లో లంకకి గుండెకాయ రేవే. పంటు ఎక్కకుండా వంతెనల మీదుగా వచ్చి వంతెనల మీదుగా వెళ్లిపోతే సగం చూడనట్టే. నరసాపురం పక్కన మాధవాయిపాలెం నుంచి సఖినేటిపల్లికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంట్లు తిరుగుతాయి. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కలిపి పైన బల్లలు పరిస్తే అదే పంటు. కారులో వస్తే డ్రైవరు తప్ప అందరూ రేవులోనే దిగిపోవాలి. పాటు మీద ఉన్నప్పుడు నీరు తగ్గి పంటు మీదికి ఎక్కే బల్ల ఏటవాలు ఎక్కువవుతుంది, కిందికి ఉండే కార్లకి ముందు బంపర్ రాసుకుంటుంది. అలాంటప్పుడు తొందరపడకుండా పోటు ఎక్కేదాకా ఆగండి. ఎక్కించేటప్పుడు ఫస్ట్ గేరులో, మధ్యలో ఆగకుండా, సరంగు (పంటు నడిపే మనిషి) చెయ్యి చూపించిన వైపే పోనివ్వాలి. తడి బల్ల మీద ఆగి మళ్లీ కదిలిస్తే చక్రం జారుతుంది. ఎక్కాక ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి. బైకు మీద కూర్చుని ఉండకండి, అవతలి ఒడ్డు తగిలినప్పుడు కుదుపుకి పడతారు. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ ముందురోజు కంటే ముప్పావుగంట పైన ఆలస్యంగా వస్తుంది. నిన్న సులువుగా దాటిన వేళకే ఇవాళ ఇసుక మేట అడ్డొచ్చి పంటు చుట్టూ తిరగాల్సిరావచ్చు. సాయంత్రం ఆఖరి పంటు ఎప్పుడో ఉదయం దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి.

పిల్లలతో వచ్చేవాళ్లు ఏట్లో దిగొద్దు. మోకాలి లోతు కనిపించే చోట పక్కడుగులోనే ఇసుక తవ్విన గొయ్యి ఉంటుంది. ఊరివాళ్లు స్నానం చేసే మెట్ల దగ్గరే, వాళ్లని అడిగే దిగండి. కొబ్బరిచెట్టు కింద బండి పెట్టకండి, మంచం వేసుకుని పడుకోకండి. కొబ్బరికాయల దింపు జరుగుతుంటే తోట బయటే నిలబడి చూడండి. మనిషి పైకెక్కి ముదురు కాయని చేత్తో తట్టి, కత్తితో గెల నరికే పని దగ్గర మాటలు పెట్టకూడదు.

గుళ్లంటారా, అంతర్వేది ఉదయం పూట వెళ్లండి. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక లైట్‌హౌస్ దాటి అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్తే గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. భీష్మ ఏకాదశి రథోత్సవానికి వస్తే ఆ జనంలో గట్టు చూడటం కుదరదు. ఇంకో పాయ వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ, నిత్యకల్యాణం జరిగే మురమళ్ల వీరేశ్వరస్వామి ఒకే రోజులో పెట్టుకోవచ్చు. దిండి హౌస్‌బోటు బాగానే ఉంటుంది, కానీ అందులో పడుకుని లంక చూశామనుకోకండి. పులస కోసం వస్తామనేవాళ్లకి చిక్కు ఏంటంటే, అది ఎర్రనీటికి ఎదురీదే చేప. అంటే దాని కాలం వరద కాలమే. రావులపాలెం, యానాం వైపు తిని వెళ్లిపోండి, లంక దాకా రావద్దు. చలికాలంలో పులస అని పెట్టేది సముద్రపు ఇలస.

ఒక్కసారే రాగలిగితే కనుమకి రండి. ఆరోజు మొసలపల్లి జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశరుద్రుల ప్రభలు వస్తాయి. ప్రభంటే ఊరి శివుడి కోసం వెదురుతో, రంగుబట్టలతో కట్టే ఎత్తైన అలంకారం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలువ నీళ్లలో దిగి దాటిస్తారు. అంబాజీపేటలోనే బండి ఆపుకుని, మధ్యాహ్నానికల్లా నడిచి కౌశిక గట్టు చేరండి, ఆలస్యమైతే నిలబడే చోటు దొరకదు. ప్రభలు పచ్చటి వరిచేల మీదుగా పోతాయి. ప్రభ మోసేవాళ్లు తొక్కితే రైతు భాగ్యమనుకుంటాడు, ఫోటో కోసం మనం తొక్కితే అది పంట నష్టం. గట్టు దిగకండి.