బావ సిస్టమ్‌లో ఆడే స్క్రిప్టు నా దగ్గర ఆడదే!

ప్రశ్న: ఆదోనిలో ఉండే మా బావ ట్యాంపర్‌మంకీ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో ఒక స్క్రిప్టు (వెబ్ పేజీ తీరు మార్చే చిన్న ప్రోగ్రాం) పెట్టుకున్నాడు సార్. మాస్టొడాన్ సోషల్ నెట్‌వర్క్ పోస్టులు స్క్రీన్ నిండా వెడల్పుగా వస్తున్నాయి, ట్రెండింగ్ గోల లేదు, బూస్టులూ (వేరేవాళ్ల పోస్టులను మళ్లీ పంచుకున్నవి) కనబడవు. అదే స్క్రిప్టు నాకు పంపితే నా క్రోమ్‌లో ఉలుకూ పలుకూ లేదు. (ప్రొద్దుటూరు పాఠకుడు)

జవాబు: మీ ఇద్దరి ఖాతాలూ ఒకే సర్వర్‌లో ఉన్నాయా? ఆ సంగతి మీరు రాయలేదు. లేవనే నా అనుమానం. మాస్టొడాన్ ఒక్క సైటు కాదు, ఎవరికి వారు నడుపుకునే సర్వర్ల గుంపు. 2018లో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ప్రకటించిన యాక్టివిటీపబ్ పద్ధతిలో అవి పోస్టులు ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుకే మీ బావ పోస్టు మీకు కనబడుతుంది. బ్రౌజర్‌కు మాత్రం ప్రతి సర్వరూ వేరే చిరునామానే.

ట్యాంపర్‌మంకీలో ఆ స్క్రిప్టు ఎడిటర్ తెరవండి. పైన కామెంట్ల మధ్య @మ్యాచ్ అనే వరుస ఉంటుంది. అక్కడ మీ బావ సర్వర్ చిరునామా రాసి ఉంటుంది. దాన్ని చెరపకుండా కిందే ఇంకో @మ్యాచ్ వరుసలో మీ సర్వర్ చిరునామా రాసి, చివర /* చేర్చి, సేవ్ చేసి, పేజీ రీలోడ్ చేయండి. అప్పటికీ కదలకపోతే క్రోమ్‌లో ట్యాంపర్‌మంకీ వివరాల పేజీకి వెళ్లి 'అలో యూజర్ స్క్రిప్ట్స్' స్విచ్ ఆన్ చేయండి. ఈమధ్య వెర్షన్లలో అది వేయనిదే ఏ స్క్రిప్టూ నడవదు.

'ఈ చిరునామాల తలనొప్పెందుకు' అని *://*/* మాత్రం పెట్టకండి. అన్ని సైట్లలోనూ నడువు అని దానర్థం. బొమ్మలు దాచే స్క్రిప్టుకు నేనోసారి అలాగే పెట్టా. కరెంటు బిల్లు కట్టబోతే క్యాప్చా బొమ్మ రాదు. అరగంట ఆ సైటును తిట్టుకున్నా, దాచింది నా స్క్రిప్టేనని తర్వాత వెలిగింది. నాది నేను రాసుకున్నది కాబట్టి సరిపోయింది. ఊరూపేరూ తెలియనివాళ్లు రాసిందైతే, మీ బ్యాంకు పేజీలో కూర్చుని మీరు టైప్ చేసేదంతా చదవగలదు. మాస్టొడాన్‌లో మీ పేరుతో పోస్టు కూడా పెట్టగలదు.

ఇంకోమాట. మీరడిగినదాంట్లో సగానికి స్క్రిప్టే అక్కర్లేదు. హోమ్ కాలమ్ పైనున్న సెట్టింగ్స్ గుర్తు నొక్కితే బూస్టులు ఆపే స్విచ్ ఉంది. ప్రిఫరెన్సెస్‌లో అప్పియరెన్స్‌కు వెళ్లి ట్రెండ్స్ టిక్ తీసేయొచ్చు. వెడల్పు ఒక్కదానికే స్క్రిప్టు ఉంచుకోండి.

ప్రశ్న: పోస్టుల్లో తెలుగు ఇరుకుగా ఉంటోంది. ఒత్తులు కింది వరుసలోని తలకట్లకు తగులుతున్నాయి. పెద్ద స్క్రిప్టు రాయాలా? (తాడిపత్రి ఉపాధ్యాయిని)

జవాబు: అక్కర్లేదమ్మా. 'రాష్ట్రం' చూడండి, ష కింద టకారం, దానికి రకారం. ఇంగ్లిష్‌కు సరిపోయేలా పెట్టిన వరుసల ఎడంలో వాటికి చోటెక్కడ? సైట్ల రూపు మార్చే స్టైలస్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుని, మీ సర్వర్ చిరునామాకు ఒకే ఒక్క నియమం రాయండి: పోస్టు పాఠం ఉండే క్లాసుకు (పేజీలో ఆ భాగానికి పెట్టిన పేరు) లైన్-హైట్, అంటే వరుసల ఎడం, 1.8. ఆ క్లాసు పేరు స్టేటస్ కంటెంట్. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, రెండు మాటల మధ్య రెండు అండర్‌స్కోర్లు, ముందు ఒక చుక్క పెట్టాలి. మాట వినకపోతే విలువ చివర !ఇంపార్టెంట్ తగిలించండి.

ఇలాంటి అలంకారాలకు స్క్రిప్టు కన్నా స్టైల్ నియమమే నయం. మాస్టొడాన్ పేజీ ఒక్కసారిగా దిగదు, కిందికి జరిపేకొద్దీ కొత్త పోస్టులు వచ్చి చేరుతుంటాయి. ఒకసారి నడిచి ఊరుకునే స్క్రిప్టు మొదటి పోస్టులను సర్ది చేతులు దులుపుకుంటుంది. స్టైల్ నియమం తర్వాత వచ్చేవాటికీ వర్తిస్తుంది.

ఫోన్‌లో మీరు వాడేది యాప్ అయితే ఇవేవీ పనిచేయవు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వేసుకుని సైటుగా తెరవండి. అందులో ట్యాంపర్‌మంకీ కూడా నడుస్తుంది.

ప్రశ్న: 500 అక్షరాల పరిమితిని స్క్రిప్టుతో పెంచొచ్చా? (గుంతకల్లు)

జవాబు: కుదరదు. మీ తెరమీది అంకెను 5,000 చేసి చూపించగలదంతే. పోస్టు పంపగానే సర్వర్ లెక్కపెట్టి వెనక్కి కొడుతుంది. కొన్ని సర్వర్ల నిర్వాహకులు ఆ పరిమితిని తామే పెంచి పెడతారు, అలాంటి చోటికి ఖాతా మార్చుకోండి. పాత ఖాతా నుంచి ఫాలోవర్లు వెంట వస్తారు గానీ, పాత పోస్టులు రావు.