ప్రాజెక్టు పూర్తయింది, వ్యాపారం అవుతుందా?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మోటారు కంపనాలను గమనించి, లోపలి బేరింగు పాడవబోతోందని ముందే హెచ్చరించే చిన్న పరికరాన్ని ఇద్దరు మిత్రులతో కలిసి తయారుచేశాను. కళాశాల ప్రయోగశాలలో అది 96 శాతం కచ్చితత్వంతో పనిచేసింది. దీన్ని వ్యాపారంగా మలచాలంటే ముందుగా పేటెంటు సంగతి చూడాలా, పెట్టుబడిదారులను కలవాలా? వచ్చే నెల ఒక ప్రదర్శనలో దీని పనితీరంతా వివరించమని మా అధ్యాపకులు అంటున్నారు.
— ఒక విద్యార్థి

జవాబు: ఆ రెండింటికన్నా ముందు మీరు 96 శాతం అన్న అంకెను అనుమానించాలి. బాగున్న మోటారును పరీక్షించినప్పుడు నూటికి నాలుగుసార్లు తప్పుడు హెచ్చరిక వస్తుందనుకుందాం. నూరు మోటార్లున్న కర్మాగారంలో ఒక్కొక్కదాన్ని రోజుకొకసారి పరీక్షిస్తే రోజుకు సుమారు నాలుగు, నెలకు 120 దాకా తప్పుడు హెచ్చరికలు వస్తాయి. అదే నెలలో నిజంగా పాడయ్యే బేరింగులు ఒకటో రెండో అయితే, ఏ లోపమూ లేని మోటార్లను విప్పి విప్పి విసిగిన మెకానిక్ రెండో వారానికే మీ హెచ్చరిక దీపం మీద టేపు అంటించేస్తాడు. పరీక్షలో మంచి మార్కులు తెచ్చిన అంకే ఇక్కడ మీ సరుకును అమ్ముడుపోకుండా చేయగలదు.

పైగా ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా బేరింగుకు కావాలనే గాటు పెడతారు. లోపలి గుండు ఆ గాటు మీదుగా దొర్లిన ప్రతిసారీ ఒకే లయలో దెబ్బ వినిపిస్తుంది కనుక దాన్ని పట్టుకోవడం తేలిక. పనిచేసే చోట గ్రీజు ఎండిపోవడం, దుమ్ము చేరడం వంటి కారణాలతో అరుగుదల మెల్లగా మొదలవుతుంది. పక్క యంత్రం అదురు కూడా మీ సెన్సరుకు సోకుతుంది. కాబట్టి నిజంగా నడుస్తున్న పది మోటార్లకు పరికరాన్ని బిగించి, కనీసం మూడు నెలలపాటు ప్రతి హెచ్చరికనూ, ఆ తర్వాత విప్పి చూస్తే కనిపించినదాన్నీ నమోదు చేయండి.

ఆ పది మోటార్లు ఎవరివన్నది కూడా ముఖ్యమే. చాలా పెద్ద యంత్రాలకు కంపనాలను గమనించే ఏర్పాట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. చాలా చిన్న మోటారు పాడైతే యజమాని మరొకటి తెచ్చి బిగిస్తాడు. ఆగితే ఆ రోజు పనంతా నిలిచిపోయే మోటారు ఉండి, దానిమీద ఎలాంటి నిఘా లేనివాడే మీ కొనుగోలుదారు. అతని దగ్గర కొద్దిపాటి రుసుమైనా తీసుకోండి. ఉచితమంటే అందరూ సరేనంటారు, ఆ మాట వ్యాపారానికి రుజువు కాదు.

సరుకు సిద్ధం కాకముందే గిరాకీని తెలుసుకున్నవారు లేకపోలేదు. కంప్యూటరు ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ సంస్థ 2008లో విడుదల చేసిన ఒక చిన్న వీడియోతో తమ వేచి ఉన్నవారి జాబితా రాత్రికి రాత్రే 5,000 నుంచి 75,000కు పెరిగిందని దాని వ్యవస్థాపకుడు డ్రూ హ్యూస్టన్ చెప్పారు. అయితే అది సాఫ్ట్‌వేరు. యంత్రానికి బిగించే వస్తువు మీద నమ్మకం వీడియోతో కలగదు.

ప్రదర్శన విషయంలో మాత్రం తొందరపడకండి. ఆవిష్కరణ వివరాలను బహిరంగంగా వెల్లడిస్తే ఐరోపాతో సహా చాలాచోట్ల దాని కొత్తదనం పోయినట్టే లెక్క, ఇక పేటెంటు దక్కదు; ఆవిష్కర్త తానే వెల్లడించినప్పుడు దరఖాస్తుకు ఏడాది గడువిచ్చే అమెరికా వంటి దేశాలూ ఉన్నాయి గానీ, వాటిని నమ్ముకుని మిగతాచోట్ల హక్కు వదులుకోవడం తెలివైన పని కాదు. ముందుగా పేటెంటు దరఖాస్తు దాఖలు చేయండి, లేదా పరికరం చేసే పనిని చూపి, సంకేతాన్ని వడగట్టే పద్ధతిని చెప్పకుండా ఆపండి. ఒక దేశంలో దాఖలు చేశాక, ఆ మొదటి తేదీనే లెక్కలోకి తీసుకునేలా ఇతర దేశాల్లో దరఖాస్తు చేయడానికి సాధారణంగా 12 నెలల వ్యవధి ఉంటుంది.

అంతకంటే ముందు ఆ హక్కు మీదా, కళాశాలదా అన్నది వ్రాతపూర్వకంగా తేల్చుకోండి. గూగుల్‌కు పునాది అయిన, వెబ్ పేజీల ప్రాముఖ్యాన్ని లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతి మీద పేటెంటు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేరునే ఉండేది. దాన్ని వాడుకునే హక్కు ఇచ్చినందుకు పొందిన గూగుల్ వాటాలను అమ్మి ఆ విశ్వవిద్యాలయం సుమారు 33.6 కోట్ల డాలర్లు సంపాదించింది. అంటే హక్కు సంస్థదైనా వ్యాపారం ఆగదు, కానీ ఒప్పందం ఉండాలి.

మిత్రుల మధ్య కూడా అంతే. ముగ్గురికీ సమాన వాటా అని ఈరోజు అనుకుని, ఆర్నెల్లకు ఒకరు ఉద్యోగంలో చేరిపోతే మూడోవంతు సంస్థ పనిచేయనివారి చేతిలో ఉండిపోతుంది. వాటా నాలుగేళ్లలో క్రమంగా దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకోవడం స్టార్టప్‌లలో వాడుకలో ఉన్న పద్ధతి. స్నేహం చెడకముందే ఈ మాటలు మాట్లాడుకోవడం సులువు.

పెట్టుబడిదారులను ఇప్పుడే కలవనక్కరలేదు. మూడు నెలల నమోదు పుస్తకమూ, రుసుము చెల్లించి రెండోసారి కూడా పరికరం కావాలన్న ఇద్దరు ముగ్గురు యజమానులూ ఉన్నప్పుడు వెళ్లండి.