ముందు బద్ద తీయడం నేర్చుకో

చి. బుజ్జికి,

పెద్దమ్మ దీవెనలు. జపాన్‌లో నేనుండే బెప్పు ఊరికి వచ్చి వెదురు పని నేర్చుకుంటానని రాశావు, చాలా సంతోషం. నువ్వు పంపిన ఫొటోలన్నీ మ్యూజియం బుట్టలవే. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు.

ఈ ఊరి పని వంటింటి కోసం పుట్టింది. ఎడో కాలంలో, అంటే 17 నుంచి 19వ శతాబ్దం దాకా, వేడినీటి ఊటల కోసం వచ్చినవాళ్లు రోజుల తరబడి ఉండి, సొంతంగా వండుకునేవారు. వాళ్లకు కావలసిన బుట్టలు, గంపలు ఇక్కడే అల్లి అమ్మేవారు. 1902లో ఈ పనికి బడి కూడా పెట్టారు. అల్లినవాడు బుట్ట మీద పేరు వేసుకునే పద్ధతి 19వ శతాబ్దంలో ఒసాకాలో హయకావా షోకోసాయితో మొదలైంది. మన బెప్పు మనిషి షోనో షోఉన్‌సాయిని 1967లో సజీవ జాతీయ సంపదగా గుర్తించారు, అది గొప్ప కళాకారులకు జపాన్ ప్రభుత్వం ఇచ్చే గౌరవం. వెదురు పనిలో ఆ గౌరవం అందుకున్న మొదటివాడు ఆయనే. కానీ అప్పటికే ఇళ్లలోకి ప్లాస్టిక్ వచ్చేసింది. పైగా ఆ రోజుల్లోనే, ఈ పనికి వాడే మదాకె అనే రకం వెదురు దేశమంతటా పూసి ఎండిపోయింది. అలాంటి దెబ్బలు తిని కూడా పని నిలిచిందంటే, బద్ద తీయడం తెలిసిన చేతులు మిగిలాయి కాబట్టే అని నా నమ్మకం.

అందుకే చెబుతున్నా, అల్లికకు తొందరపడకు. చీల్చడానికే మూడేళ్లు పడుతుందని ఇక్కడి సామెత. మదాకెను కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి, వెదురులోంచి పైకొచ్చిన నూనె తుడిచేసి, ఎండలో పెడితే దంతం రంగుకు వస్తుంది. దాన్ని కత్తితో సగానికి, మళ్లీ సగానికి చీలుస్తూ పోవాలి. చీలిక ఒక పక్కకు జారి, ఒక బద్ద సన్నబడుతోందనుకో, కంగారుపడి కత్తిని నొక్కకు. మందంగా ఉన్న బద్దను కాస్త ఎక్కువ వంచు, చీలిక దానంతటదే మధ్యకు వస్తుంది. తర్వాత చెక్కలో దిగగొట్టిన రెండు కత్తుల మధ్య నుంచి లాగితే వెడల్పు సమానమవుతుంది. ఆపైన అంచుల పదును తీయాలి. ఇది బద్ధకించావంటే అల్లేటప్పుడు వేళ్లు తెగుతాయి, బుట్ట కూడా గరుగ్గా ఉంటుంది.

బద్దలు కుదిరాక నాలుగు కళ్ల అల్లిక (నలుచదరం రంధ్రాలది), ఆరు కళ్ల అల్లిక (ఆరు మూలల రంధ్రాలది) త్వరగానే వచ్చేస్తాయి. బెప్పు పనికి మూలమైన ఎనిమిది అల్లికల్లో అవి మొదటివి.

డబ్బు సంగతి కూడా అడిగావు. కళాఖండాలను నిలబెట్టినవాళ్లలో అమెరికా సేకర్తలు ముఖ్యులు. లాయిడ్ కాట్సెన్ తన బుట్టల సేకరణను శాన్‌ఫ్రాన్సిస్కో ఏషియన్ ఆర్ట్ మ్యూజియానికి ఇచ్చాడు. ఆ దారి అందరికీ దొరకదు. కూరగాయలు కడిగే జల్లిబుట్ట నీటుగా చేసి, గంటల లెక్కన దాని ధర ధైర్యంగా చెప్పగలగాలి. మొహమాటపడితే ఈ పనిలో బతకలేం.

బెప్పు ఉన్న ఓయితా ప్రాంత ప్రభుత్వం నడిపే వెదురు పని శిక్షణ కేంద్రంలో కోర్సు రెండేళ్లు. పాఠాలన్నీ జపనీస్‌లోనే. టెన్షన్ పడకుండా ఈ నెలలోనే భాష మొదలుపెట్టు. అప్లికేషన్ పంపే ముందు నాకోసారి చూపించు.

పెద్దమ్మ