సిరొంచలో (మహారాష్ట్ర) ఉపా కేసు: బెయిల్ కొట్టేశారంటే దారి మూసుకుపోయినట్టు కాదు

తుపాకులతో వచ్చినవాళ్లకి సాయం చేశాడని మీ తమ్ముడి మీద ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు పెట్టారు, బెయిల్ కూడా కొట్టేశారు, ఇప్పుడేం చేయాలని అడిగారు. ఆ బెయిల్ ఆగింది బహుశా ఉపా సెక్షన్ 43డి(5) వల్ల. ఆరోపణ పైకి నిజమనిపించినా చాలు, కోర్టు బెయిల్ ఇవ్వదు. వాళ్లే తుపాకీ చూపించి కిరాణా కొట్లో బియ్యం పట్టుకెళ్లారన్న మీ మాట బెయిల్ దగ్గర పెద్దగా పనిచేయదు, అది విచారణలో బలంగా పనికొస్తుంది.

చాలామంది వదిలేసేది డిఫాల్ట్ బెయిల్, అంటే గడువులోగా పోలీసులు చార్జిషీటు వేయకపోతే హక్కుగా వచ్చే బెయిల్. ఇదొక్కటీ జాగ్రత్తగా చూడండి.

1. రిమాండ్ ఇచ్చిన తేదీ నుంచి 90 రోజులు లెక్కపెట్టండి, అరెస్టు తేదీ నుంచి కాదు. రిమాండ్ రోజు కూడా లెక్కలోకి వస్తుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

2. ఆ గడువు 180కి పెరగాలంటే ప్రాసిక్యూటర్ రిపోర్టు, దానిమీద కోర్టు ఆర్డరు ఉండాలి. ఆ రెండింటి నకళ్లు అడగండి. మరాఠీలో ఉంటాయి, చదివించుకోండి, ఊరికే సంతకం పెట్టొద్దు.

3. పొడిగింపు లేకపోతే 91వ రోజు పొద్దున్నే దరఖాస్తు వేయించండి. చార్జిషీటు ముందు పడితే ఆ హక్కు పోతుంది, మీ దరఖాస్తు ముందు పడితే కోర్టు తేల్చడం ఆలస్యమైనా పోదు.

వకీలుకు డబ్బుల్లేవని టెన్షన్ పడకండి, కస్టడీలో ఉన్నవాళ్లకి జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితంగా ఇవ్వాల్సిందే.

పెట్టింది ఉపా సెక్షన్ 19 అయితే అందులో ‘స్వచ్ఛందంగా’, ‘తెలిసి’ ఆశ్రయం ఇవ్వడం అని ఉంటుంది. అక్కడికక్కడే చంపుతారన్న భయంతో చేసినదానికి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 32 రక్షణ ఉంది. ఆ రోజు కొట్లో ఉన్న సాక్షుల పేర్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి.