పాత విజేతలను చూసి కొత్త విజేతను పట్టగలమా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో గుర్రాలు కంచెలు దూకుతూ పరుగెత్తే హంటర్స్ చేజ్ పందెంలో గత విజేతల వయసు, ఫామ్ చూసి ఈసారి గెలిచే గుర్రాన్ని చెప్పొచ్చా?
– ఓ పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: కొంతవరకేనండీ. సాల్సిఫై 2012, 2013లో, ఆన్ ద ఫ్రింజ్ 2015, 2016లో, పాషా డు పోల్డర్ 2017, 2018లో వరసగా గెలిచాయి. అందుకే నిరుడు గెలిచిన గుర్రం మళ్లీ బరిలో ఉంటే నేను ముందు దాన్నే చూస్తాను. కానీ 2020లో ఇట్ కేమ్ టు పాస్, 2023లో ప్రీమియర్ మ్యాజిక్ 66/1 ధరతో (రూపాయి కాస్తే 66 రూపాయల లాభం, అంటే గెలుస్తాయని ఎవరూ అనుకోలేదన్నమాట) దిగి, గెలిచి లెక్కలేసినవాళ్ల నోళ్లు మూయించాయి. ఏడాదికి ఒక్కటే రేసు, పదేళ్లకు పది ఫలితాలు. వాటిలోంచి ‘ఫలానా వయసు గుర్రమే గెలుస్తుంది’ అని సూత్రం లాగడం చిలక జోస్యమే! పైగా స్వారీ చేసేది అమెచ్యూర్లు, అంటే అది వృత్తి కానివాళ్లు. మూడు మైళ్లు దాటాక, ఆఖరి కంచె తర్వాత ఎత్తు ఎక్కే దారి. అలసిన గుర్రాన్ని అక్కడ గట్టెక్కించాల్సింది రౌతే. నేనైతే గుర్రం వయసుకన్నా ముందు ఆ రౌతు పాత రేసులు చూస్తాను.