యాంకర్ కాబోతున్న తమ్ముడి కూతురికి

చెన్నై, కోడంబాకం

చిరంజీవి బుజ్జితల్లికి,

సోమవారం ఆడిషన్‌కి వస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఊరి సంగతి అడిగితే పాలమ్ముకునే ఇంటి పిల్లనని చెప్పొచ్చా అని టెన్షన్ పడుతున్నావట. ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

అడిగితే చెప్పు. అడక్కపోతే ఎత్తకు. ఈమధ్య షోల్లో వెనక ఏడుపు మ్యూజిక్ వేసి మరీ పేదరికం చెప్పిస్తున్నారు. నాకది నచ్చదు. నీ చిన్నతనం నీకు అక్కరకొచ్చే చోటు వేరే ఉంది.

నా సంగతే చెప్తా. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు మన వీధిలో సగం మందికి చదువు రాదు. ఎదురింటి పెద్దమ్మ కొడుకు మద్రాసులో హోటల్లో పనిచేసేవాడు. ఇన్‌లాండ్ లెటర్ వస్తే నన్ను పిలిచేది. మొదటిసారి గడగడా చదివేశాను. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, "నాయనా, వాడు నాతో మాట్లాడినట్టు చదవరా" అంది. రెండోసారి ఆమె మొహం చూస్తూ చదివాను. "జ్వరం తగ్గింది" అన్నచోట, ఆమె ఊపిరి పీల్చుకునేదాకా ఆగాను. 1995లో తెలుగు శాటిలైట్ చానళ్ళు వచ్చి నాకు కెమెరా ముందు కూర్చునే అవకాశం దొరికినప్పుడు, లెన్స్‌లో ఆ పెద్దమ్మ మొహమే ఊహించుకున్నాను. ఇక గొంతు పెంచాల్సిన పని పడలేదు. నువ్వూ అలా ఒక్కరికే చెప్పు. ప్రాంప్టర్ చూసి, అంటే నువ్వు చదవాల్సిన మాటలు కెమెరా దగ్గర కదిలే తెర చూసి కంగారుపడకు, దాన్ని తిప్పేవాళ్ళు నీ వేగాన్ని బట్టే తిప్పుతారు.

అయినా ఒకసారి తప్పు చేశాను. ఇన్నేళ్ళయినా ఆ బాధ పోలేదు. ఒక చేనేత పెద్దాయనతో ఇంటర్వ్యూ. "ఇంట్లో అమ్మగారు కూడా మగ్గం మీద కూర్చుంటారా?" అని అడిగాను. "పోయినేడాది దాకా కూర్చునేదయ్యా" అన్నాడు. చెవిలో కంట్రోల్ రూమ్ వాళ్ళు రెండు నిమిషాలే ఉందంటున్నారు, నా కళ్ళు చేతిలో కార్డు మీద ఉన్నాయి. "చాలా సంతోషం, మరి కొత్త డిజైన్ల గురించి..." అనేశాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, మర్యాదగా డిజైన్ల గురించే చెప్పాడు. ఉత్తరాలు చదివిన ఆ పిల్లాడైతే "దాకా" దగ్గర ఆగేవాడు. ప్రశ్నలు రాసుకో తల్లీ, ఎదుటివాళ్ళు నోరు విప్పగానే కార్డు బోర్లించెయ్.

బాలూగారిని చూడు. కోనేటమ్మపేట అనే పల్లెలో, హరికథలు చెప్పే తండ్రికి పుట్టారు. 1996లో 'పాడుతా తీయగా' మొదలయ్యేసరికి ఆయనకి దాదాపు యాభయ్యేళ్ళు, సినిమాల్లో పాడటం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు. అంతటి మనిషి, పిల్లలు పాడుతుంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని వినేవారు. పాట ఎవరు రాశారో, ఎవరు స్వరం కట్టారో చెప్పేవారు. పలుకులో పొరపాటొస్తే బుజ్జగిస్తూ దిద్దేవారు. పాత ఎపిసోడ్లు పెట్టుకుని, ఆయన వినే తీరు చూడు.

నెల్లూరు యాసకి సిగ్గుపడకు. ల, ళ, న, ణ మాత్రం తేడా తెలిసేలా పలుకు, రోజూ పేపర్లో ఒక పేజీ పైకి చదువు. ఇక్కడ స్టూడియో ఫ్లోర్‌లో ఎక్కువగా తమిళమే వినపడుతుంది, పది రోజుల్లో అది నీ తెలుగులోకీ దిగుతుంది, జాగ్రత్త. బట్టల్లో సన్నచారలు, చిన్నగళ్ళు వద్దు, కెమెరాలో అలల్లా కదులుతాయి. ఆకుపచ్చా వద్దు, వెనక పచ్చతెర ఉంటే దాంతోపాటు నీ బట్టలూ తెరమీద మాయమవుతాయి. గాజులు తీసెయ్, కాలర్ మైక్‌లో చప్పుడొస్తుంది.

పినాకినిలో వస్తే సూళ్లూరుపేట దాటగానే ఫోన్ చెయ్, సెంట్రల్‌లో ఉంటాను. బయల్దేరేలోపు ఈ ఉత్తరం అవ్వకి చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆపి "మళ్ళీ చదువు" అంటుందో, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని రా.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న